మా బావమరిది పోగొట్టుకున్నవి, నాకు వచ్చినవి

ఈ పోస్టు మా బావమరిదిని అడిగే రాస్తున్నాను. "పేరు పెట్టకు బావా, ఆఫీసులో ఎవరన్నా చూస్తే బాగుండదు" అన్నాడు. పెట్టట్లేదు. వాడికి 31 ఏళ్లు, నిజాంపేటలో అద్దె ఫ్లాటు, సాఫ్ట్‌వేర్‌ టెస్టింగ్‌లో ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఆ మూడింట్లో ఒకటి బుధవారం ఉండేలా మేనేజర్‌ని బతిమాలి మరీ ఒప్పించుకున్నాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో బుధవారం అంటే బ్యాంక్‌ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) ఎక్స్‌పైరీ, అంటే దాని వారపు ఆప్షన్లకి గడువు తీరే రోజు.

నేను బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్‌ చూస్తాను. జులై వస్తే చుట్టాలవీ, మా అపార్ట్‌మెంట్‌ వాళ్లవీ రిటర్నులు నేనే ఫైల్‌ చేసి పెడతాను, ఒక టీ ఇస్తే చాలు. కొన్నేళ్ల కిందటి దాకా దాదాపు అందరివీ ఐటీఆర్‌-1లే, ఫారం-16 ముందు పెట్టుకుని పదిహేను నిమిషాల్లో అవగొట్టేవాణ్ణి. ఇప్పుడు అలా కాదు. ఒక్కొక్కరు వచ్చి కూర్చుని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి "అన్నా, కొంచెం ఎఫ్‌ అండ్‌ ఓ కూడా ఉంది" అంటారు, డాక్టరుకి మాత్రమే చెప్పుకోగలిగిన జబ్బు చెప్పినట్టు. ఆ గొంతు వినపడిందంటే ఐటీఆర్‌-3, వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు వేసే పెద్ద ఫారం. ఎఫ్‌ అండ్‌ ఓ అంటే ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌: షేరో సూచీయో ఫలానా గడువులోపు ఎటు పోతుందన్న దాని మీద కొని అమ్మే కాంట్రాక్టులు. చాలామందికి తెలియనిది ఏంటంటే ఇవి ఇన్‌కమ్‌ ట్యాక్స్‌ లెక్కలో జూదం కాదు, స్పెక్యులేషన్‌ కూడా కాదు, మామూలు వ్యాపారం. గడువులోపు రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు మోసుకెళ్లొచ్చు, జీతంలోంచి మాత్రం తగ్గించుకోలేం. ఈ మాట చెప్పగానే "8 ఏళ్లంటే బోలెడు టైముంది అన్నా, ఆలోగా రికవర్‌ అయిపోతాం" అని సంబరపడ్డవాళ్లు కూడా ఉన్నారు.

మావాడు 2024 జులైలో ల్యాప్‌టాప్‌ పట్టుకుని వచ్చాడు. నేను మొత్తం లాభనష్టాల స్టేట్‌మెంట్‌ అడిగితే ఇచ్చాడు కానీ, నాకు ఉన్న పాడలవాటు ప్రకారం రోజువారీ కాంట్రాక్ట్‌ నోట్లు (బ్రోకరు పంపే బిల్లులు) కూడా తెరిచాను. అందులో మార్చిలో ఒక బుధవారం నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ రోజు నేను గెలిచిన బావా" అని వాడే వేలు పెట్టి చూపించాడు కాబట్టి.

ఒక్క ట్రేడు చూద్దాం. 10 లాట్లు (లాటు అంటే ఒకసారికి కొనాల్సిన కనీస కట్ట), లాటుకి అప్పట్లో 15 యూనిట్లు, అంటే 150. ఒక కాల్‌ని, అంటే సూచీ పెరిగితే విలువ పెరిగే ఆప్షన్‌ని, 200కి కొన్నాడు, రెండు నిమిషాల్లో 205కి అమ్మాడు. 750 రూపాయల లాభం, ఫోన్‌లో పచ్చ రంగు. ఇప్పుడు కింద చార్జీలు: కొన్నందుకు 20, అమ్మినందుకు 20 బ్రోకరేజి. అమ్మిన దాని మీద సెక్యూరిటీస్‌ ట్రాన్సాక్షన్‌ ట్యాక్స్‌ 19. ఎక్స్ఛేంజికి రెండు వైపులా కలిపి ఓ 30. బ్రోకరేజి మీదా ఎక్స్ఛేంజి రుసుము మీదా 18 శాతం జీఎస్టీ, అదో 12, 13. స్టాంపు డ్యూటీ, సెబీ (షేర్‌ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ) ఫీజు కలిపి ఒక రూపాయి. మొత్తం సుమారు 103. ఒక్కసారికి 103 అంటే ఎవరికీ నొప్పి తెలియదు, మాదాపూర్‌లో ఒక కాఫీ డబ్బులు కూడా కాదు. కానీ ఆ రోజు మావాడు అలా 31 సార్లు కొని అమ్మాడు. కొన్నిట్లో వచ్చింది, కొన్నిట్లో పోయింది, చివరికి 1,900 లాభం. చార్జీలు 3,200 దాటాయి. అంటే వాడు గెలిచానని చెప్పుకున్న రోజు 1,300 పోగొట్టుకున్నాడు.

ఆ సంగతి నేను కాల్క్యులేటర్‌ మీద కొట్టి చూపించేదాకా వాడికి నిజంగానే తెలియదు. తెలివితక్కువవాడా అంటే కాదు, పగలంతా వాడు చేసే ఉద్యోగమే తప్పులు పట్టుకోవడం. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనపడేది గ్రాస్‌ లాభం, చార్జీలు రాత్రి ఈమెయిల్‌లో పాస్‌వర్డ్‌ పెట్టిన పీడీఎఫ్‌లో వస్తాయి. ఆ పీడీఎఫ్‌ తెరిచే ఓపిక ఎవడికుంది.

అమెచ్యూర్‌ ట్రేడర్ల మీద మనవాళ్లు మాట్లాడుకునేదంతా వీడు గెలిచాడు, వాడు ఓడాడు అన్నట్టే ఉంటుంది. నాకు అకౌంట్స్‌ కళ్లతో కనపడేది వేరు. పేకాట నడిపే ఇంట్లో ఎవడు షో చెప్పినా ఆట ఆటకీ ఇంటివాడు తన వాటా తీసి పక్కన పెట్టుకుంటాడు చూడండి, అది. కాకపోతే ఇక్కడ ఇంటివాళ్లు నలుగురు: బ్రోకరు, ఎక్స్ఛేంజి, ప్రభుత్వం, వీళ్లందరి కంటే ముందే ఫీజు తీసుకుని వెళ్లిపోయిన కోచింగ్‌ సారు.

సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్‌ అండ్‌ ఓ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. అందరివీ కలిపితే 1.8 లక్షల కోట్లు పైన. ఇందులో చార్జీలే దాదాపు 50,000 కోట్లు, అందులో సగం బ్రోకరేజి, ఐదో వంతు ఎక్స్ఛేంజిలకి. చార్జీలు పోను లక్ష రూపాయల కంటే ఎక్కువ మిగుల్చుకున్నవాళ్లు నూటికి ఒక్కరు. మరి ఆ డబ్బు ఎటు పోయింది? ఒక్క 2023-24లోనే, ఖర్చులు తీయకముందు లెక్కలో, సొంత డబ్బుతో ట్రేడింగ్‌ చేసే ప్రొప్రయిటరీ సంస్థలకి దాదాపు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో పెట్టుబడిదారులకి దాదాపు 28,000 కోట్లు లాభం. అందులో 96, 97 శాతం మనుషులు బటన్లు నొక్కి సంపాదించింది కాదు, అల్గోలు, అంటే కంప్యూటరు ప్రోగ్రాములు చేసినవే. మావాడు స్టాండప్‌ మీటింగ్‌లో మైకు మ్యూట్‌లో పెట్టి బొటనవేలితో ఆర్డరు కొడుతున్నది ఎవరి మీదికో ఇప్పుడు అర్థమైంది కదా.

ఆ అధ్యయనంలో నన్ను ఆపిన ముక్క ఇంకొకటి ఉంది. వరసగా నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా మళ్లీ ట్రేడింగ్‌ చేస్తూనే ఉన్నారట.

కోచింగ్‌ సారు సంగతి చెప్పాలి. 2023లో ఒక ఆదివారం వాడు నన్ను అమీర్‌పేటలో ఒక ఫ్రీ డెమోకి తీసుకెళ్లాడు. మెట్రో స్టేషన్‌కి నడిచేంత దూరం, మెట్ల మీద పాత జావా, డాట్‌ నెట్‌ బోర్డుల పక్కనే కొత్తగా ఆప్షన్‌ బయింగ్‌ బోర్డు. హాల్లో నలభై, యాభై మంది ఉంటారు, అందరిలోకీ నేనే పెద్దవాణ్ణి అనుకుంటా. సారు బాగా మాట్లాడాడు, నిజం చెప్పాలి. తెర మీద క్యాండిల్స్‌ పెట్టి ఇక్కడ సపోర్టు, ఇక్కడ రెసిస్టెన్స్‌, ఇక్కడ ఎంట్రీ అని పాత చార్టు మీద గీతలు గీస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో. జరిగిపోయిన రోజు మీద గీత గీయడానికి ఏముంది, నేనూ గీస్తాను. తర్వాత తన లాభాల స్క్రీన్‌షాట్లు. ఆ తర్వాత కోర్సు ఫీజు 25,000, "ఇవాళ చేరితే 18,000". అన్నిటికంటే కింద చిన్నగా, ఆయన లింకుతోనే డీమ్యాట్‌ (షేర్ల ఖాతా) తెరవాలి. ఎందుకని లేచి అడిగాను. "సపోర్ట్‌ ఇవ్వడానికి ఈజీగా ఉంటది సార్‌" అన్నాడు. అలా లింకు ఇచ్చినవాళ్లకి బ్రోకరేజిలో వాటా వచ్చే ఏర్పాట్లు ఉండేవి. మావాడు 31 సార్లు కొని అమ్మితే నష్టం మావాడికి, పండగ ఇంకొకరికి. తర్వాత 2024, 2025లలో సెబీ కొంచెం బిగించింది, రిజిస్ట్రేషన్‌ లేని సలహాదారులతో బ్రోకర్లు సంబంధం పెట్టుకోకూడదు, పాఠం చెప్పేవాళ్లు మూడు నెలల లోపు ధరలు వాడకూడదు అని. మంచిదే.

అసలు దెబ్బ మాత్రం 2024 జూన్‌లో తగిలింది, జులైలో నా ముందు కూర్చున్నప్పుడు వాడు నోరెత్తనిది కూడా అదే.

జూన్‌ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్‌ పోల్స్‌ వచ్చాయి. 3న సోమవారం మార్కెట్‌ ఎగిరింది, నిఫ్టీ ఒక్కరోజులో 3 శాతం పైన, బ్యాంక్‌ నిఫ్టీ 51,000 దగ్గర ముగిసింది. మావాడు 52,000 కాల్స్‌, అంటే బ్యాంక్‌ నిఫ్టీ 52,000 దాటితేనే గడువు రోజున విలువ మిగిలేవి, కొన్నాడు, బుధవారం 5న ఎక్స్‌పైరీ. డబ్బులు ఎక్కడివంటే, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వేస్తున్న 5 లక్షల చిట్టీని పాటలో లక్షకు పైగా వదులుకుని ఎత్తాడు, చేతికి 3 లక్షల 80 వేలు వచ్చాయి. అంటే ఆప్షన్‌ కొనకముందే ఇరవై నాలుగు శాతం నష్టంతో మొదలుపెట్టాడన్నమాట, ఆ లెక్క ఏ బ్రోకరు స్టేట్‌మెంట్‌లోనూ ఉండదు. మంగళవారం ఫలితాలు. సెన్సెక్స్‌ 4,390 పాయింట్లు పడింది, బ్యాంక్‌ నిఫ్టీ దాదాపు 8 శాతం. "ఇంత పడ్డది కదా, రేపు లేస్తది" అని మిగిలిన డబ్బుతో అవే కాల్స్‌ ఇంకా కొన్నాడు, యావరేజ్‌ చేయడమంటారు దీన్ని. బుధవారం నిజంగానే లేచింది! బ్యాంక్‌ నిఫ్టీ 4 శాతం పైన పెరిగింది. 49,000 దగ్గర ఆగింది. మధ్యాహ్నం 3.30కి 52,000 కాల్‌ విలువ సున్నా.

నేను దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. ఎందుకంటే వాడు అనుకున్నది తప్పు కాదు. ఆ శుక్రవారానికే సెన్సెక్స్‌ కొత్త రికార్డు ఎక్కింది. అదే నెల ఆఖరి వారంలో బ్యాంక్‌ నిఫ్టీ 52,000 దాటింది కూడా. నెల నెలా నా జీతంలోంచి పోయే ఇండెక్స్‌ ఫండ్‌ సిప్‌కి ఆ వారమంతా ఏమీ కాలేదు, నేను చూసుకోలేదు కూడా. వాడు మాత్రం మార్కెట్‌ పెరుగుతుందని సరిగ్గానే ఊహించి మొత్తం పోగొట్టుకున్నాడు. షేరు అయితే పడ్డా చేతిలో ఉంటుంది, వారం ఆప్షన్‌ అనేది కేపీహెచ్‌బీ రైతుబజార్లో పాలకూర లాంటిది, పొద్దున కట్టకి ఒక రేటు, చీకటి పడ్డాక మూడు కట్టలు అదే రేటుకి, మర్నాటికి ఆవు కూడా మొహం తిప్పుకుంటుంది. ఊహ సరిగ్గా ఉంటే చాలదు, అది బుధవారం 3.30 లోపల సరిగ్గా ఉండాలి. ఆ పాలకూర అమ్మేవాళ్లు, అంటే ఆప్షన్‌ రాసేవాళ్లు, వాడిపోతుందని తెలిసే అమ్ముతారు. వాళ్లకీ ఒక్కోసారి పెద్ద దెబ్బలు తగులుతాయి, జూన్‌ 4న పుట్‌లు (సూచీ పడితే విలువ పెరిగే ఆప్షన్లు) అమ్మినవాళ్లకి తగిలినట్టు, కానీ అది తట్టుకునే డబ్బూ హెడ్జింగూ (నష్టాన్ని కాచే ఎదురు పందేలు) వాళ్లకుంటాయి, మావాడికి చిట్టీ ఉంది.

ఎంత చెప్పినా వాడి దగ్గర ఒక బాణం ఉండేది. "అమెరికాల గేమ్‌స్టాప్‌ జూడు బావా, చిన్నోళ్లంతా కలిసి పెద్ద ఫండ్‌నే మింగిన్రు." నిజమే, 2021 జనవరిలో గేమ్‌స్టాప్‌ అనే వీడియో గేముల షాపుల కంపెనీ షేరుని చిన్నవాళ్లంతా ఎగబడి కొని పైకి లేపితే, అది పడుతుందని పందెం కాసిన మెల్విన్‌ క్యాపిటల్‌ అనే హెడ్జ్‌ ఫండ్‌ ఆ నెలలో సగానికి పైగా పోగొట్టుకుంది, తర్వాతి ఏడాది మూతపడింది. కానీ అదే షేరు జనవరి 28న 483 డాలర్ల దాకా వెళ్లి, ఫిబ్రవరి మూడో వారానికి 40 దగ్గరికి వచ్చింది. 300 దాటాక కొన్నది ఎవరు? ముందే కొన్న చిన్నవాళ్ల దగ్గర, వాళ్లని చూసి ఆలస్యంగా వచ్చిన ఇంకా చిన్నవాళ్లు. పైగా అక్కడ ఆర్డర్లు ఉచితంగా తీసుకునే యాప్‌లకి డబ్బులు ఇచ్చేది ఆ ఆర్డర్లు కొనుక్కునే పెద్ద సంస్థలే, ఎంత గందరగోళం ఉంటే వాళ్లకి అంత వ్యాపారం.

ఇక 2025 జులైలో జేన్‌ స్ట్రీట్‌ అనే అమెరికా ట్రేడింగ్‌ సంస్థ మీద సెబీ ఉత్తర్వు వచ్చినప్పుడు మా ఆఫీసు వాట్సాప్‌ గ్రూపు ఒకటే మోత. ఇండెక్స్‌లోని బ్యాంకు షేర్లు పొద్దున పెద్ద ఎత్తున కొని పైకి లేపి, అంతకంటే చాలా పెద్ద మొత్తంలో ఆప్షన్లలో ఎదురు పొజిషన్‌ తీసుకుని, తర్వాత షేర్లు అమ్మేసి పడేశారని సెబీ ఆరోపణ. 4,843 కోట్లు జప్తు చేయమంది. కంపెనీ కాదంది, ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ఆ కేసు ఎటు తేలినా, నాకు మాత్రం ఆ గ్రూపులో జనం పడిన ఊరట చూస్తే భయమేసింది. "అయితే తప్పు మనది కాదన్నమాట" అని. ఆ ఒక్క కంపెనీని తీసేస్తే పదిమందిలో తొమ్మిదిమంది గెలిచేస్తారన్నట్టు! అవతల ఇంకో కంప్యూటరు ఉంటుంది, చార్జీలు అవే ఉంటాయి.

2024 నవంబరు నుంచి సెబీ ఎక్స్ఛేంజికి ఒక్క ఇండెక్స్‌ మీదే వారపు ఎక్స్‌పైరీ అంది, కాంట్రాక్టు సైజు పెంచింది. బ్యాంక్‌ నిఫ్టీ బుధవారాలు పోయాయి. అయినా 2024-25 లెక్క వచ్చేసరికి 91 శాతం మందికి నష్టం, మొత్తం లక్షా ఐదు వేల కోట్లకు పైన, అంతకుముందు ఏడాది కంటే ఎక్కువ.

ఇంట్లో ఎలా బయటపడిందంటే, 2024 ఆగస్టులో, శ్రావణ శుక్రవారం నాడు. వరలక్ష్మీ వ్రతానికి వాళ్లావిడ చేతులకి రోల్డ్‌ గోల్డ్‌ గాజులు ఉన్నాయి. మా ఆవిడ ఒక్క చూపులో కనిపెట్టింది, ఆడవాళ్లకి ఎలా తెలుస్తుందో. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది, నాలుగు గాజులు గోల్డ్‌ లోన్‌లో ఉన్నాయని, జూన్‌ 6న పెట్టాడని. చిట్టీ డబ్బులు పోయిన మర్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ 1.6 లక్షలూ రెండు వారాల్లో పోయాయి. ఇంకా పర్సనల్‌ లోను వేరే. సెబీ లెక్కల్లో "వ్యక్తిగత ట్రేడరు" అని ఒక్క మనిషిలా రాస్తారు కానీ ఈ పిల్ల డీమ్యాట్‌ ఖాతా ఎప్పుడూ తెరవలేదు, కాల్‌కీ పుట్‌కీ తేడా తెలియదు, నష్టం మాత్రం ఆమె మణికట్టు మీద కనపడుతోంది. అప్పటికి చిట్టీ ఇంకా పదహారు నెలలు కట్టాలి.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడాను.

2023 మేలో బీఎస్‌ఈ (బాంబే స్టాక్‌ ఎక్స్ఛేంజి) సెన్సెక్స్‌ ఆప్షన్లని కొత్త ఎక్స్‌పైరీతో, చిన్న లాటుతో మళ్లీ మొదలుపెట్టింది. బీఎస్‌ఈ స్వయంగా లిస్టయిన కంపెనీ, దాని షేరు పోటీ ఎక్స్ఛేంజి అయిన ఎన్‌ఎస్‌ఈలో కొనొచ్చు. మావాడు అప్పుడే మా ఇంట్లో భోజనం చేస్తూ "ఇగ శుక్రవారం గూడ ఎక్స్‌పైరీ ఉంటది బావా" అని సంబరంగా చెప్పాడు. నాకు బుర్రలో ఒకటే మెదిలింది: వీడిలాంటి వాళ్లు శుక్రవారం కూడా 31 సార్లు కొడితే ప్రతిసారీ బీఎస్‌ఈకి రుసుము వస్తుంది. మర్నాడు బీఎస్‌ఈవి 100 షేర్లు కొన్నాను. ఏడాది తిరిగేసరికి నాలుగు రెట్లు దాటింది. అంటే స్టాక్‌ మార్కెట్లో నా జీవితంలోకెల్లా మంచి ఐడియా నాకు మా బావమరిది జబ్బు చూసి వచ్చింది. వాడికి మానేయమని చెప్తూనే ఉన్నాను, అబద్ధం లేదు. షేర్లూ ఉంచుకున్నాను, అందులోనూ అబద్ధం లేదు.

శ్రావణమాసం అయ్యేలోపే 50 షేర్లు అమ్మాను, లక్షా ముప్పై వేల దాకా వచ్చాయి, మిగతాది జీతంలోంచి వేసి గాజులు విడిపించాం. గోల్డ్‌ లోన్‌ ఆఫీసులో అమ్మాయి సీలు వేసిన కవరు కత్తిరించి, నాలుగు గాజులూ కాటా మీద పెట్టి, "42 గ్రాములు, చూసుకోండి సార్‌" అని కాటా మా వైపు తిప్పింది. మావాడు కాటా వైపు చూడలేదు, ఫోను జేబులోనే ఉంది కానీ చెయ్యి జేబు మీదే ఉంది. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది, ఆ రోజు బుధవారం అని నాకు బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆవిడకి అసలు విషయం చెప్పాను, ఆ డబ్బులు ఏ షేరువో, ఆ కంపెనీ ఎలా సంపాదిస్తుందో. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే మా తమ్ముడి డబ్బులే మా తమ్ముడికి ఇచ్చారా?" అంది. వాడిది బ్యాంక్‌ నిఫ్టీ, అది ఎన్‌ఎస్‌ఈ, ఇది బీఎస్‌ఈ అని మొదలుపెట్టబోయి ఆపేశాను.

మిగిలిన 50 షేర్లు 2025లో బోనస్‌ వచ్చి 150 అయ్యాయి. అవి ఎప్పుడు అమ్ముతారని మొన్న మళ్లీ అడిగింది. ఇప్పుడు సెన్సెక్స్‌ ఎక్స్‌పైరీ గురువారం. ఈ గురువారం ట్రేడింగ్‌ వాల్యూమ్‌ ఎంతుందో చూసి చెప్తానన్నాను.